సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్: అలీగఢ్ విద్యాలయ నిర్మాత

పంతొమ్మిదవ శతాబ్ది నడిమి కాలంలో ఉత్తర హిందూదేశంలోని ముస్లిం తండ్రికి కొడుకును చదివించడం పెద్ద ధర్మసంకటంగా ఉండేది. మసీదు పంచన నడిచే మక్తబుకు పంపితే కుర్రవాడు ఖురాను పారాయణం నేర్చేవాడు. సాదీ, హాఫిజుల కావ్యాలు వల్లించేవాడు. వంశమర్యాద తెలిసినవాడై పెరిగేవాడు. కాని ఆ చదువుకు కూడు పుట్టే రోజులు వెళ్ళిపోయినవి. 1837 లో కంపెనీ ప్రభుత్వం కచేరీలలో పారశీక భాషకున్న స్థానాన్ని తొలగించింది. పెద్ద ఉద్యోగాలు క్రమంగా ఇంగ్లీషు వచ్చినవారి పాలైనవి. పోనీ, సర్కారు బడికి పంపుదామంటే అక్కడ మతబోధ లేదు. మిషనరీల బడిలో ఉన్నది పరమతబోధ. అక్కడ చదివిన బిడ్డ నమాజు మరచి, తాతముత్తాతల పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ తిరిగి వస్తాడేమోనన్న భయం తల్లిదండ్రులను పీడించేది. చదువుకోసం ధర్మాన్ని వదలాలా, ధర్మంకోసం చదువును వదలాలా అన్నది వారి ప్రశ్న.

ఆ రెంటిలో దేనినీ వదలనక్కర లేదని, రెండూ ఒకే కప్పు క్రింద ఇమడగలవని నమ్మి, ఆ నమ్మకాన్ని ఇటుకలతో సున్నంతో కట్టి చూపినవాడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. అందుకు ఆయన చెల్లించిన మూల్యం ధనమూ, శ్రమా మాత్రమే కాదు. తనకు ప్రాణప్రదమైన స్వంత మతాభిప్రాయాలను తాను కట్టిన విద్యాలయపు గుమ్మం వెలుపలనే విడిచిపెట్టవలసి వచ్చింది. ఆయన జీవితంలో అన్నిటికంటె గ్రహింపదగిన విషయం అదే.

తల్లి నేర్పిన పాఠం

సయ్యద్ అహ్మద్ 1817 అక్టోబరు 17 న ఢిల్లీ నగరంలో జన్మించాడు. తండ్రి మీర్ ముత్తకీకి మొగలు దర్బారులో గౌరవం ఉండేది గాని లౌకిక వ్యవహారాలయందు ఆయనకు ఆసక్తి తక్కువ. ఈతలోను, విలువిద్యలోను నేర్పరి. మాతామహుడు ఖ్వాజా ఫరీదుద్దీన్ అహ్మద్ గణిత, ఖగోళ శాస్త్రాలలో దిట్ట. కొంతకాలం రెండవ అక్బరు పాదుషాకు మంత్రిగా పనిచేశాడు. బాలుడు పెరిగింది ఆ తాతగారి ఇంటనే.

ఆయనకు మొదటి గురువు తల్లి అజీజున్నిసా. కుమారుడు పగలు చదివిన పాఠాన్ని రాత్రివేళ ఆమె అప్పజెప్పించుకొనేది. పదకొండేళ్ళ ప్రాయంలో సయ్యద్ అహ్మద్ ఒకనాడు కోపం పట్టలేక ఇంటిలోని ముసలి నౌకరును కొట్టాడు. సంగతి తెలిసిన తల్లి ఆ పిల్లవాడు ఈ ఇంట ఉండదగడని వెళ్ళగొట్టించింది. పినతల్లి ఇంటిలో మూడు రోజులు దాగి, ఆమెను వెంటబెట్టుకొని క్షమాపణకు వస్తే, క్షమించవలసినది తాను కాదనీ, దెబ్బ తిన్న నౌకరనీ తల్లి చెప్పింది. మంత్రిగారి మనుమడు నౌకరుముందు చేతులు జోడించి నిలబడిన పిమ్మటనే ఇంటి తలుపు తెరచుకొన్నది. వంశం గొప్పదైనంత మాత్రాన మనిషి గొప్పవాడు కాడన్న పాఠం అది. తరువాతి కాలంలో తన జాతివారికి సయ్యద్ అహ్మద్ ఇదే పాఠాన్ని మరొక విధంగా బోధించవలసి వచ్చింది.

ఆయన చదువు క్రమబద్ధమైనది కాదు. పారశీకం, కొంత అరబ్బీ, మేనమామ దగ్గర కొంత గణితం, ఒక హకీము దగ్గర కొంత వైద్యం నేర్చుకొన్నాడు. ఇంగ్లీషు ఆయనకు జీవితాంతం పట్టుబడలేదు. దేశంలో ఇంగ్లీషు విద్యకోసం అంతగా పోరాడినవాడు తాను ఆ భాషలో ప్రసంగింపలేనివాడు.

1838 లో తండ్రి మరణించాడు. పాదుషా కొలువులో ఇక మిగిలినది ఆడంబరమేనని గ్రహించి, బంధువులకు ఇష్టం లేకున్నా యువకుడు కంపెనీ కచేరీలో చిన్న ఉద్యోగానికి కుదిరాడు. 1841 లో మైన్‌పురిలో మున్సిఫ్ అయినాడు. ఉద్యోగం చేస్తూనే తన నగరపు శిథిలాలమీద దృష్టి నిలిపాడు. పాత కోటలు, గోరీలు, మసీదులు తిరిగి కొలతలు తీసి, శాసనాలు వ్రాసుకొని 1847 లో అసారుస్సనాదీద్ అనే గ్రంథం ప్రకటించాడు. కుతుబ్ మీనారుపై ఎత్తున ఉన్న అక్షరాలను చదవడానికి రెండు గుంజల నడుమ బుట్ట కట్టించి అందులో కూర్చుని వ్రేలాడాడు. ఆ గ్రంథాన్ని ఫ్రెంచి పండితుడు గార్సిన్ ద తాసీ తన భాషలోనికి తెచ్చాడు. అటుపిమ్మట సయ్యద్ అహ్మద్ అబుల్ ఫజలు వ్రాసిన ఐనె అక్బరీని పరిష్కరించి, మున్నుడి కోసం మహాకవి గాలిబు వద్దకు పోయాడు. గాలిబు పొగడలేదు. పాతకాలపు శాసనాలు త్రవ్వుకొనే బదులు ఆవిరి యంత్రాలు నడుపుతున్న కొత్తకాలాన్ని చూడమని పద్యంలో మందలించాడు. పరిష్కర్త నొచ్చుకొని ఆ పద్యాన్ని గ్రంథంలో చేర్చలేదు. కాని పది సంవత్సరాలు తిరగకముందే ఆ వృద్ధకవి మాటే ఆయనకు బాట అయింది.

1857

ఆ బాటను చూపినది 1857 నాటి అగ్నిజ్వాల. అప్పుడు సయ్యద్ అహ్మద్ బిజ్నూరులో సదర్ అమీన్. తిరుగుబాటు చెలరేగినప్పుడు ఆయన అక్కడి ఐరోపియను కుటుంబాలను నవాబు మహ్మూద్ ఖాను మనుషులనుండి కాపాడి సురక్షితంగా సాగనంపాడు. ఇటు ఢిల్లీలో ఆయన స్వంత కుటుంబాన్ని కాపాడినవారు లేరు. నగరం కంపెనీ సేనల వశమైనప్పుడు ఆయన బంధువులు హతులైనారు. తల్లి ఇల్లు విడిచి ఒక సయీసు గుడిసెలో తలదాచుకొని, గుర్రాల దాణా తిని దినాలు గడిపింది. కుమారుడు వెదకుతూ వచ్చి ఆమెను మీరట్‌కు చేర్చాడు గాని ఆమె ఎంతోకాలం బ్రతకలేదు.

ప్రభుత్వం ఆయన సేవకు మెచ్చి, తిరుగుబాటుదారుల కుటుంబంనుండి జప్తు చేసిన చాంద్‌పూరు జమీను ఇవ్వజూపింది. తనవారి రక్తంతో తడిసిన భూమికి తాను యజమానిని కాలేనని ఆయన నిరాకరించాడు. దేశం విడిచి ఈజిప్టుకు పోదామన్న ఆలోచన కూడ కలిగింది. కూలిన ఇంటిలో తనవారిని విడిచి తానొక్కడూ సుఖస్థానం వెదకుకొనడం పిరికితనమని తలచి, ఉండిపోయాడు.

అటుపిమ్మట ఆయన చేసిన మొదటి పని సాహసమైనది. తిరుగుబాటు కారణాలపై ఉర్దూలో ఒక చిన్న గ్రంథం వ్రాసి, ప్రజల మాట పాలకుల చెవికి చేరే మార్గం లేకపోవడం, శాసనసభలో దేశీయులకు చోటు లేకపోవడం ముఖ్యకారణాలని చెప్పాడు. అచ్చు ప్రతులను కాల్చివేయమని మురాదాబాదు మున్సిఫు రాయ్ శంకర్ దాస్ మిత్రభావంతో బ్రతిమాలాడు. సయ్యద్ అహ్మద్ వినక, అయిదు వందల ప్రతులలో చాలవరకు ఇంగ్లండుకు పంపాడు.

రెండవ పని, తన జీవితమంతా నిండినది, విద్య. 1859 లో మురాదాబాదులో ఒక పాఠశాల నెలకొల్పాడు. గాజీపూరుకు బదిలీ అయి, 1864 లో హిందువులు, ముస్లిములు కలిసి చందాలిచ్చి నడిపే వైజ్ఞానిక సంఘం స్థాపించాడు. ఎల్ఫిన్‌స్టన్ వ్రాసిన భారతదేశ చరిత్ర మొదలుకొని వ్యవసాయ, అర్థశాస్త్ర గ్రంథాలవరకు ఉర్దూలోనికి అనువదింపజేయడం ఈ సంఘం పని. ఆ ఏడే ఆయనతోబాటు సంఘం అలీగఢ్‌కు తరలింది. ఆయన 1867 లో కాశీకి బదిలీ అయినప్పుడు ఆ భారం వహించినవాడు మిత్రుడు రాజా జయకిషన్ దాస్. ఆ ఏటనే అలీగఢ్ మిత్రులతో కలిసి ఆయన ప్రభుత్వానికి ఒక విజ్ఞప్తి పంపాడు. పై చదువులు దేశభాషలో చెప్పే విశ్వవిద్యాలయం కావాలన్నది దాని సారాంశం. ప్రభుత్వం దానిని సాగనీయలేదు. ఇంతలో కాశీలో హిందీ, ఉర్దూ లిపుల వివాదం లేచి ఆయన మనస్సును గాయపరచింది. హిందూ ముస్లిములు ఇక ప్రతి పనిలోను చేయి కలుపుతారన్న ఆశ అప్పటినుండి ఆయనలో సన్నగిల్లింది.

లండను నగరంలో

1869 లో సయ్యద్ అహ్మద్ తన కుమారులు హామిద్, మహ్మూద్‌లతో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. మహ్మూద్‌కు ప్రభుత్వ విద్యార్థి వేతనం లభించింది. తండ్రి ప్రయాణానికి మాత్రం రెండు ప్రయోజనాలున్నవి. ఒకటి, ఆంగ్లేయుల విద్యాలయాలను కన్నులారా చూడడం. రెండవది, ఒక గ్రంథానికి సమాధానం వ్రాయడం. సర్ విలియం మ్యూర్ వ్రాసిన మహమ్మదు ప్రవక్త జీవితచరిత్రను చదివి ఆయన హృదయం దహించుకుపోయింది. ఆ మ్యూర్ అప్పుడు వాయవ్య పరగణాల లెఫ్టినెంటు గవర్నరు. సయ్యద్ అహ్మద్ ఆ పరగణాలలోనే కొలువు చేస్తున్న ఉద్యోగి. ఏలిక వ్రాసిన దానికి ఉద్యోగి ప్రతివాదం వ్రాయడం ఆ రోజులలో సామాన్యం కాదు. లండనులోని గ్రంథాలయాలలో కూర్చుని లాటిను మొదలైన భాషల గ్రంథాలను ఇతరులచేత చదివించుకొని తెలుసుకొన్నాడు. ఖర్చు తలకు మించిపోగా అప్పు చేశాడు; తన పుస్తకాలు, ఇంట ఉన్న రాగిపాత్రలు సైతం అమ్మి డబ్బు పంపమని మిత్రుడు మెహదీ అలీకి ఉత్తరాలు వ్రాశాడు. ఆ వ్యాసాల ఇంగ్లీషు అనువాదం 1870 లో లండనులో అచ్చయింది.

మొదటి ప్రయోజనమే శాశ్వతమైన ఫలమిచ్చింది. కేంబ్రిడ్జిలో ఆయన చూచినది పాఠం చెప్పే గదులు మాత్రమే కాదు. విద్యార్థులు ఒకచోట నివసించడం, ఒక బల్లవద్ద భుజించడం, ఆటలాడడం, ప్రార్థన చేయడం, గురువులు వారి మధ్యనే ఉండడం ఆయనను ఆకర్షించినవి. అక్కడి కళాశాలలు మతపీఠాలుగా పుట్టి శాస్త్రపీఠాలుగా పెరిగినవి. ప్రార్థనామందిరమూ, పరిశోధనశాలా ఒకే ఆవరణలో ఉన్నవి. తమ మతం వదలకుండ ఆంగ్లేయులు చదువగలిగినప్పుడు తన జాతి బిడ్డలు మాత్రం ఎందుకు చదువలేరన్న ఆలోచన ఆయనలో రూపు దిద్దుకొన్నది. లండనునుండే రాబోయే కళాశాలకు ప్రణాళికలు వేసుకొన్నాడు.

నిందల వర్షం

1870 అక్టోబరులో స్వదేశం చేరి, డిసెంబరు 24 న తహ్జీబుల్ అఖ్లాక్ అనే పత్రికను ఆరంభించాడు. ఉర్దూ వచనానికి సరళమైన నడకను నేర్పిన పత్రిక అది. అందులో ఆయన దాంభికాచారాలను, గుడ్డి అనుకరణను ఎండగట్టాడు. భగవంతుని వాక్కుకూ, భగవంతుని సృష్టికీ విరోధం ఉండదు గనుక ప్రకృతిశాస్త్రం రుజువు చేసిన దానితో ఖురాను వాక్యం విభేదించినట్లు తోస్తే లోపం మన వ్యాఖ్యానంలోనే ఉన్నదని వాదించాడు. ఈ దృష్టితోనే కొంతకాలానికి ఖురానుకు ఒక వ్యాఖ్య వ్రాయ పూనుకొన్నాడు.

దేశమంతటా గగ్గోలు పుట్టింది. ఆయనను ప్రకృతివాది అని, నాస్తికుడని, క్రైస్తవులకు అమ్ముడుపోయినవాడని తిట్టారు. కాన్పూరులో ఉద్యోగి అయిన మౌల్వీ ఇమ్దాద్ అలీ ఎందరో ఉలమాలచేత ఆయనపై ఫత్వాలు తెప్పించాడు. మౌల్వీ అలీ బఖ్ష్ ఖాన్ మక్కా యాత్రకు పోయి అక్కడి ముఫ్తీలవద్దనుండి కూడ తీర్పులు తెచ్చాడు. తన అవిశ్వాసం పుణ్యమా అని ఒక పెద్దమనిషికి హజ్ యాత్ర లభించిందని సయ్యద్ అహ్మద్ నవ్వుకొన్నాడట. చంపుతామని ఉత్తరాలు కూడ వచ్చినవి.

నవ్వి ఊరుకొనే సంగతి కాదని ఆయనకు తెలుసు. ఈ గొడవలో తన ప్రాణమో, పరువో పోవడం ఆయనకు లెక్క లేదు. కళాశాల పుట్టకముందే చచ్చిపోతుందేమోనన్నది ఆయన భయం. ఇట్టివాడు పెట్టిన బడికి తన బిడ్డను ఏ భక్తుడు పంపుతాడు? చదువుకోసం ధర్మాన్ని వదలాలా అన్న పాతప్రశ్నే సయ్యద్ అహ్మద్ పేరు ధరించి తండ్రుల ముందు మళ్ళీ నిలిచింది.

ఆయన చేసిన నిర్ణయం ఆయన ఔన్నత్యానికి నిదర్శనం. కళాశాలలో మతబోధ ఎట్లుండాలో తాను నిర్ణయించనని, ఆ విషయాన్ని సంప్రదాయజ్ఞులకు వదలుతానని ప్రకటించాడు. సున్నీలకు, షియాలకు వేర్వేరుగా వారివారి సంప్రదాయం ప్రకారం బోధ జరుగుతుంది. తాను వ్రాసిన వ్యాఖ్యకు అందులో చోటు ఉండదు. ఆయన పద్ధతికి ఎదురుమొనగా నిలిచిన సంస్థ దేవబందులోని మదర్సా. దాని స్థాపకుడు మౌలానా ఖాసిం నానౌత్వీ అల్లుడైన మౌలానా అబ్దుల్లా అన్సారీయే పిమ్మట అలీగఢ్‌లో మతబోధకు అధ్యక్షుడైనాడు. తన సిద్ధాంతాన్ని ఖండించే పక్షంనుండి గురువును తెచ్చి తన విద్యార్థులముందు కూర్చోబెట్టడానికి ఎంత మనోనిగ్రహం కావాలో ఆలోచింపవలసినది.

అలీగఢ్ ఆవరణలో

1875 మే 24 న అలీగఢ్‌లో కొద్దిమంది బాలురతో పాఠశాల ఆరంభమయింది. అది మొదలుపెట్టడంలో మౌల్వీ సమీయుల్లా ఖాన్ కుడిభుజమైనాడు. మరుసటి ఏడు సయ్యద్ అహ్మద్ ఉద్యోగ విరమణ చేసి అలీగఢ్‌లో కాపురం పెట్టాడు. 1877 జనవరి 8 న వైస్రాయి లిట్టన్ ప్రభువు కళాశాలకు పునాదిరాయి వేశాడు. ఒకప్పటి కంటోన్మెంటు కవాతు మైదానం, 74 ఎకరాల బీడు, ఆయనకు లభించిన స్థలం.

డబ్బుకోసం ఆయన చేయని పని లేదు. పంజాబువరకు యాచనకు తిరిగాడు. అలీగఢ్ ప్రదర్శనశాలలో పుస్తకాల దుకాణం పెట్టి స్వయంగా అమ్మాడు. లాటరీ నడిపాడు. ఒకసారి నాటకరంగం ఎక్కి గజళ్ళు చదివాడు. మర్యాదస్తుడైన సయ్యదు వంశీయునకు, అందులోనూ డెబ్బది ఏండ్లు పైబడిన గడ్డపు పెద్దమనిషికి ఇది అప్రతిష్ఠ అని మిత్రులు వారించారు. దాతల పేర్లు గోడలమీద చెక్కించాడు. ఆ గోడలు నేటికీ చదువవచ్చును. అందులో హిందువుల పేర్లు కూడ ఉన్నవి.

ఈ సహాయంలో హైదరాబాదు రాజ్యానికి పెద్దభాగం ఉన్నది. ప్రధానమంత్రి సాలార్‌జంగ్ ఆయన ప్రయత్నాన్ని ఆదరించాడు. పూర్వం ఉత్తరాలందుకొన్న మెహదీ అలీ 1874 లో హైదరాబాదు కొలువులో చేరి మొహసినుల్ ముల్క్ అనే బిరుదు పొందాడు. వికారుల్ ముల్క్ బిరుదు వహించిన ముష్తాక్ హుసేన్ కూడ అక్కడనే పెద్దపదవి నిర్వహించాడు. 1891 లో సయ్యద్ అహ్మద్ స్వయంగా ఒక ప్రతినిధివర్గంతో హైదరాబాదుకు రాగా నిజాము ప్రభుత్వం కళాశాలకు ఇచ్చే విరాళాన్ని పెంచింది. అలీగఢ్‌లోని స్ట్రేచీ సభామందిరం చెంతనున్న గదులలో సాలార్ మంజిల్, ఆస్మాన్ మంజిల్ అనేవి హైదరాబాదు మంత్రుల పేర వెలసినవే.

కళాశాలలో బాలుని దినచర్య ఏ మదర్సాలోను, ఏ సర్కారు కళాశాలలోను కానరానిది. వసతిగృహంలోని ముస్లిం విద్యార్థికి నమాజు విధి; గైరుహాజరైతే సంజాయిషీ చెప్పుకోవాలి. రమజాను ఉపవాసాలు పాటించాలి. నల్లకోటు, ఎర్రటి తుర్కీటోపీ వేషం. ఇంగ్లీషు, గణితం, చరిత్ర, తర్కంతోబాటు అరబ్బీగాని పారశీకంగాని చదవాలి. విశ్వవిద్యాలయ పరీక్షలకు ఆ కళాశాల మొదట కలకత్తాకు, పిమ్మట అలహాబాదుకు అనుబంధం. సాయంత్రం క్రికెట్టు, గుర్రపుస్వారీ. రాత్రి సిడన్స్ క్లబ్బులో వాగ్వాదాలు. క్రికెట్టు సంఘానికి ఊపిరి పోసినవాడు గణితోపాధ్యాయుడు పండిత రామశంకర్ మిశ్ర. జాదవ్ చంద్ర చక్రవర్తి గణితశాస్త్రాచార్యుడు. హిందూ విద్యార్థులకు ముస్లిం మతబోధ నిర్బంధం లేదు. ఆ కళాశాలనుండి మొట్టమొదట పట్టభద్రుడైనవాడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందువు.

అన్నీ అనుకొన్నట్లు సాగలేదు. అరబ్బీ పారశీకాలు ప్రధానంగా బోధించే ప్రాచ్యవిభాగాన్ని కూడ మొదట పెట్టాడు గాని విద్యార్థులు చేరక అది మూతపడింది. నిర్ణీతమైన మతపాఠం తరచు పొడిపొడిగా ఉండేది. తరగతిలోని ఆ కొరతను కొంతవరకు తీర్చినవాడు 1883 లో అరబ్బీ ఉపాధ్యాయుడుగా వచ్చిన మౌలానా షిబ్లీ నోమానీ. ఆయన ఖురాను ప్రవచనం చేస్తుంటే విద్యార్థులు ఆకర్షితులై వినేవారు; తరువాత జాతీయనాయకుడైన మహమ్మద్ అలీ అట్టివారిలో ఒకడు. తత్త్వశాస్త్రం చెప్పే ఆంగ్లేయుడు టి. డబ్ల్యు. ఆర్నాల్డు షిబ్లీవద్ద అరబ్బీ చదివి, షిబ్లీకి ఫ్రెంచి నేర్పాడు. ఇస్లాం మతవ్యాప్తిని గూర్చిన తన ప్రసిద్ధ గ్రంథాన్ని ఆర్నాల్డు 1896 లో ప్రకటించినది అలీగఢ్‌లో ఉండగానే. మౌల్వీ ఫ్రెంచివారి చరిత్రగ్రంథాలవైపు, దొర అరబ్బుల చరిత్రవైపు నడిచి నడిదారిలో కలుసుకొన్నారు. సయ్యద్ అహ్మద్ కోరిన విద్య ఆ ఇరువురి స్నేహంలో నిజంగా సిద్ధించింది.

గుణదోషాలు

ఆయనను దోషరహితుడుగా చిత్రించడం సత్యం కాదు. ఉన్నతకుటుంబాల బాలురే ముందు చదవాలని, తరువాత విద్య క్రిందికి దిగివస్తుందని ఆయన తలచాడు. స్త్రీవిద్య విషయంలో వెనుకకు తగ్గాడు. పురుషులు చదువుకొన్న పిమ్మట స్త్రీలు తామే చదువుకొంటారని సరిపెట్టుకొన్నాడు. తన తల్లివద్దనే తొలిపాఠం నేర్చినవానికి ఇది తగని మాట. హిందూదేశం ఒక వధువని, హిందూ ముస్లిములు ఆమె రెండు కన్నులని చెప్పినవాడే 1887 లో లక్నోలో, మరుసటి సంవత్సరం మీరట్‌లో జాతీయ కాంగ్రెసును తీవ్రంగా ప్రతిఘటించాడు. ఎన్నికలవల్ల అల్పసంఖ్యాకులు అణగిపోతారని, చదువులో వెనుకబడ్డవారు రాజకీయాలలో దిగితే ఉన్నదీ పోతుందని ఆయన భయం. ఆ వైఖరినుండి తరువాతివారు తీసిన అర్థాలు దేశ చరిత్రలో వివాదాస్పదాలు. కాని స్నేహంలో ఆయన ఎన్నడూ మతభేదం పాటించలేదు. మనుమడు రాస్ మసూద్‌కు అక్షరాభ్యాసం జరిగిన శుభవేళ బాలుని రాజా జయకిషన్ దాస్ ఒడిలో కూర్చుండబెట్టాడు. విందుకయ్యే వ్యయాన్ని కళాశాలకు ఇప్పించాడు.

చివరి దినాలు దుఃఖభరితాలు. 1889 లో కుమారుడు మహ్మూద్‌ను కళాశాల కార్యనిర్వహణకు తన వారసునిగా చేసే నిబంధనలు తేగా, పాతమిత్రుడు సమీయుల్లా ఖాన్ విడిపోయాడు. 1895 లో కళాశాల కార్యాలయపు గుమాస్తా ఒకడు లక్షకు మించిన సొమ్ము అపహరించిన సంగతి బయటపడింది. ఇంటింటా బిచ్చమెత్తి కూడబెట్టిన ధనమది. హైకోర్టు జడ్జీగా కీర్తి గడించిన మహ్మూద్ మద్యపానానికి లోనై తండ్రికి మనస్తాపం కలిగించాడు. వృద్ధుడు స్వగృహం విడిచి మిత్రుడు హాజీ ఇస్మాయిల్ ఖాన్ ఇంటిలో ఉంటూ 1898 మార్చి 27 న కన్నుమూశాడు. లక్షలు పోగుచేసి కళాశాల కట్టినవాని అంత్యక్రియలకు ఇంట డబ్బు లేక మొహసినుల్ ముల్క్ ఇచ్చాడని అంటారు. ఆయనను కళాశాల మసీదు ఆవరణలోనే సమాధి చేశారు. అవిశ్వాసి అని ముద్రవేయించుకొన్నవాడు అయిదు పూటల నమాజుకు వచ్చే విద్యార్థుల అడుగుల చప్పుడు వినబడేచోట శయనించాడు.

తరువాత

1920 లో ఆ కళాశాల అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమయింది. మొదటి చాన్సలరు భోపాలు బేగం సుల్తాన్ జహాన్. స్త్రీవిద్యలో ఆయన వదలిన లోపానికి కాలమే సమాధానం చెప్పినట్లయింది. రాజా జయకిషన్ దాస్ ఒడిలో అక్షరాలు దిద్దిన రాస్ మసూద్ 1916 లో హైదరాబాదు రాజ్యానికి విద్యాశాఖాధికారి అయినాడు. 1918 లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణంలో ఆయన ముఖ్యపాత్ర వహించాడు. సకల శాస్త్రాలను ఉర్దూలో బోధించిన ఆ విద్యాలయంలో, 1867 లో తాత అడిగి పొందలేకపోయిన కోరిక మనుమని కాలాన తెలుగుగడ్డపై ఫలించింది. ఆ గడ్డమీది ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు కావడంచేత ఆ ఫలంలో వారికి అందిన పాలు స్వల్పమేనన్నది కూడ చరిత్ర సత్యమే.

కొడుకును బడికి పంపేవేళ ఆ నాటి తండ్రిని వేధించిన ప్రశ్న ఏ ఒక్క మతానికీ, ఏ ఒక్క కాలానికీ చెందినది కాదు. బిడ్డ లోకాన్ని గెలవాలి, ఇంటిని మరవరాదు. సర్ సయ్యద్ చెప్పిన సమాధానం మాటలలో కంటె ఆయన నడచిన తీరులో స్పష్టంగా ఉన్నది. ఇతరుల బిడ్డలకు చదువు చెప్పబూనినవాడు ఆ బిడ్డల ఇంటివిశ్వాసాన్ని తన స్వంత అభిప్రాయంకంటె గౌరవంగా చూడాలి. పదకొండేళ్ళ వయస్సులో ఒక నౌకరుముందు తలవంచడం నేర్చినవాడు, అరవై ఏళ్ళ వయస్సులో తనను ఖండించినవారి విశ్వాసంముందు తల వంచగలిగాడు. అలీగఢ్ నిలిచినది ఆ వినయంమీదనే.